ఇప్పుడు మీ వంతు: ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటలపై పాఠకుల ప్రశ్నలు

ఎనిమిదేళ్లుగా నలుగురు స్నేహితులకు ఆన్‌లైన్‌లో రోల్ ప్లేయింగ్ ఆట నడిపిస్తున్నాను. అంటే ఒక్కొక్కరూ ఒక పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ, అందరం కలిసి కథ అల్లుకునే ఆట. నలుగురూ నాలుగు చోట్ల ఉంటారు. వారానికొక రాత్రి హెడ్‌సెట్లు పెట్టుకుని మూడు గంటలపాటు ఒకే కథలో కలుస్తాం. ఈ ఆటల గురించి ఏదైనా అడగమన్నప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతులే ఎక్కువగా వస్తాయనుకున్నాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మనుషుల గురించే ఉన్నాయి. నాకు అదే కావాలి. జవాబు చెప్పగలిగిన కొన్నిటిని ఇక్కడ తీసుకున్నాను.

ప్రశ్న: మేం ఐదుగురం కాలేజీ స్నేహితులం, ఇప్పుడు తలో చోట ఉన్నాం. టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ ఆట ఆన్‌లైన్‌లో ఆడాలని ఉంది, కానీ ఒక్కరికీ రాదు. వీడియోల్లో చూస్తే అందరూ నటుల్లా మాట్లాడుతున్నారు, పెద్ద పెద్ద పుస్తకాలు చూపిస్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీలో ఒకరు గేమ్ మాస్టర్, అంటే జీఎం అవుతారు. మిగతా నలుగురూ తలా ఒక పాత్ర తీసుకుంటారు. జీఎం పరిస్థితి చెప్పి అడుగుతారు: "వంతెన సగం కూలిపోయి ఉంది. కింద వరద. అవతలి గట్టు మీద ఎవరో లాంతరు ఊపుతున్నారు. ఏం చేస్తారు?" మీలో ఒకరు "తాడు విసురుతాను" అంటారు. తాడు అందుతుందని ముందే తెలిస్తే పాచిక అక్కర్లేదు. అందుతుందో లేదో తెలియనప్పుడు, ఎటు జరిగినా కథ ముందుకెళ్తుందనుకున్నప్పుడు పాచిక వేస్తారు. ఆట మొత్తం ఇదే. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. ఆ తర్వాత ఎన్నో రకాల నియమాలు వచ్చాయి కానీ ఈ అడగడం, చెప్పడం మాత్రం అలాగే ఉంది.

పెద్ద పుస్తకం చూసి భయపడకండి. మొదటి రాత్రికి ఒకే పేజీలో ముగిసే ఆట తీసుకోండి. జాన్ హార్పర్ తయారుచేసిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్ అలాంటిదే, ఉచితంగా దొరుకుతుంది. అందులో ప్రతి పాత్రకూ 2 నుంచి 5 లోపు ఒకే ఒక్క అంకె ఉంటుంది. యంత్రాలతో, తెలివితో చేసే పనికి మీ అంకె కన్నా తక్కువ పడాలి. మనసుతో, మాటతో చేసే పనికి ఎక్కువ పడాలి. పది నిమిషాల్లో అందరికీ పాత్రలు తయారవుతాయి. అది నచ్చాక పెద్ద ఆటలోకి వెళ్లొచ్చు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాలు కూడా 2023 నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద అందరికీ ఉచితంగా ఉన్నాయి.

ఇక నటన. మా గుంపులో ఒకామె ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా గొంతు మార్చలేదు. "నా పాత్ర కాపలావాణ్ణి బతిమాలుతుంది, వాళ్లమ్మ జబ్బు సంగతి గుర్తుచేస్తుంది" అంటుంది, అంతే. మా ఆటలో నాకు గుర్తుండిపోయిన సన్నివేశాల్లో సగం ఆమెవే. వాయిస్ కాల్, అందరూ రాసుకోగలిగే ఒక షేర్డ్ నోట్, పాచికలు, రెండున్నర గంటల సమయం ఉంటే చాలు. ఆ రాత్రికి ఆ రాత్రే ముగిసే కథ పెట్టుకోండి. దాన్ని వన్‌షాట్ అంటాం. ఒక జీఎం, నలుగురు ఆటగాళ్లు అంటే సరిగ్గా సరిపోయే సంఖ్య. ఎందుకో తర్వాతి జవాబులో చెబుతాను.

ప్రశ్న: మా ఆటలో నేను జీఎంని, ఆటగాళ్లు ఆరుగురు. ఇద్దరే మాట్లాడతారు. మిగతావాళ్లు నోరు తెరిచేలోపు వీళ్లు అందుకుంటారు. లేదంటే ముగ్గురు ఒక్కసారే మొదలుపెట్టి, ముగ్గురూ "సారీ, నువ్వు చెప్పు" అని ఆగిపోతారు. ఒక ఫ్రెండ్ రెండు వారాలుగా "నేనూ వాళ్లతో వెళ్తాను" తప్ప ఇంకో మాట అనలేదు. ఏం చేయాలి?

జవాబు: ఈ ఉత్తరం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇదే పొరపాటు నేను చేశాను.

ఎదురెదురుగా కూర్చుని ఆడే రోజుల్లో మా గుంపులో ఒక స్నేహితుడు తక్కువ మాట్లాడేవాడు. కానీ ఏదైనా తట్టిందంటే ముందుకు వంగి చేతిలో పెన్సిల్ టేబుల్ మీద పెట్టేవాడు. ఆ చిన్న చప్పుడుకి అందరం ఆగేవాళ్లం. ఆన్‌లైన్‌కి వచ్చాక ఆ పెన్సిల్ నాకు కనిపించలేదు. మూడు సెషన్లు అతను దాదాపు మాట్లాడలేదు. వినడం ఇష్టమేమో అనుకున్నాను. నాలుగో సెషన్‌కి రాలేదు. ఫోన్ చేస్తే, "నేను లేకపోయినా కథ నడుస్తోందిగా" అన్నాడు. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ బాధేసింది. అతను తిరిగి రావడానికి ఆరు నెలలు పట్టింది.

ఆ ఆరు నెలల్లో కారణం వెతుక్కున్నాను. పది భాషల్లో మాటల మధ్య విరామాన్ని కొలిచి 2009లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి సగటున దాదాపు 200 మిల్లీసెకన్లే పడుతుందట. రెప్ప వేసేంత సేపు. ఇంటర్నెట్ కాల్‌లో మాట చేరడానికే కొంత ఆలస్యం ఉంటుంది. ఒకవైపు ప్రయాణం 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిదని టెలిఫోన్ ప్రమాణాలు చెబుతాయి. అంటే ఆ కొద్ది ఆలస్యమే దాదాపు మనిషికి అలవాటైన విరామమంత అవుతుంది. ఖాళీ దొరికిందనుకుని మీ ఫ్రెండ్ నోరు తెరిచేసరికి, ఆ ఖాళీని ఇంకొకరు అప్పటికే తీసేసుకుని ఉంటారు. వెనక్కి తగ్గే స్వభావం ఉన్నవాళ్లు రెండుసార్లు అలా అయ్యాక మూడోసారి ప్రయత్నించరు. వాళ్లకి ఆసక్తి లేదని మనం అనుకుంటాం.

కాబట్టి ఆన్‌లైన్‌లో వంతు దానంతట అది రాదు. జీఎం చేత్తో తీసుకొచ్చి ఇవ్వాలి.

నా నోట్‌బుక్‌లో ప్రతి సెషన్‌కీ నాలుగు పేర్లు రాసుకుంటాను. ఎవరి మీద కథ కాసేపు నిలిచినా వాళ్ల పేరు పక్కన ఒక గీత. గంటకోసారి చూస్తాను. ఎవరికి గీతలు తక్కువుంటే తర్వాతి సన్నివేశం వాళ్ల పాత్ర దగ్గర మొదలవుతుంది. "ఎవరైనా ఏమైనా చేస్తారా?" అనే ప్రశ్న మానేశాను, దానికి ఎప్పుడూ ఆ ఇద్దరే జవాబిస్తారు. పేరు పెట్టి అడుగుతాను. అడిగేది కూడా చిన్నదిగా, చేతికి అందేలా ఉండాలి. "నువ్వేం చేస్తావు?" అన్నది మాట రానివాళ్లకి చాలా పెద్ద ప్రశ్న. "పెట్టె తెరవగానే నీకు తెలిసిన వాసనేదో వచ్చింది. ఎక్కడ పరిచయం ఆ వాసన?" అని అడిగితే ఒక్క వాక్యంతో జవాబు చెప్పొచ్చు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని కథని అటు తిప్పితే, రెండో వాక్యం వాళ్లే చెబుతారు. ఇంకోటి, వంతుని ముందుగానే చెప్పండి. "ఇప్పుడు దొంగ, తర్వాత వైద్యురాలు" అంటే వైద్యురాలి పాత్ర ఆడే ఆమెకి ఆలోచించుకోవడానికి రెండు నిమిషాలు దొరుకుతాయి.

మాకు చుక్క పద్ధతి కూడా ఉంది. మాట్లాడాలనుకున్నవాళ్లు చాట్‌లో ఒక చుక్క పెడతారు. నేను చూసి, నడుస్తున్న మాట పూర్తవగానే వాళ్లని పిలుస్తాను. ఆ స్నేహితుడు తిరిగొచ్చాక పెట్టుకున్న పద్ధతి ఇది. పెన్సిల్ చప్పుడుకి బదులు.

ఎక్కువ మాట్లాడే ఇద్దరినీ అందరి ముందూ ఏమీ అనకండి. వాళ్ల ఉత్సాహమే మీ ఆటని ఇన్నాళ్లు మోసింది. విడిగా ఫోన్ చేసి సాయం అడగండి: "నీ పాత్ర ఆమె పాత్రని సలహా అడిగేలా చూడు." మా గుంపులో అందరికన్నా ఎక్కువ మాట్లాడే మనిషి ఇప్పుడు ఇతరుల్ని మాట్లాడించడంలో నాకన్నా నేర్పరి.

ఆరుగురు మాత్రం ఎక్కువే. మూడు గంటల్లో మొదటి కబుర్లు, మధ్య విరామం తీసేస్తే రెండున్నర గంటలు మిగులుతాయి. అందులో సగం జీఎం గొంతే ఉంటుంది. మిగిలిన 75 నిమిషాలు ఆరుగురికి పంచితే తలా పన్నెండున్నర, నలుగురికైతే దాదాపు 19. వీలైతే ముగ్గురేసి రెండు గుంపులు చేయండి. కథ ఒకటే ఉంచి, ఒక గుంపు చేసింది ఇంకో గుంపుకి వార్తగా చేరేలా పెట్టొచ్చు. చాలా బాగుంటుంది.

ఒక చిన్న సంగతి. అందరూ హెడ్‌సెట్ పెట్టుకోవాలి, వీలైతే వైరు ఉన్నది. బ్లూటూత్ తన వంతు ఆలస్యం కలుపుతుంది. ఒక్కరు స్పీకర్‌లో వింటున్నా వాళ్ల మైకులోంచి అందరి మాటలూ తిరిగొచ్చి మిగతావాళ్ల మాట మధ్యమధ్యలో తెగిపోతుంది.

ప్రశ్న: ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతున్నారు.

జవాబు: మీ ఆటకి మ్యాప్ కావాలా అన్నది ముందు తేల్చుకోండి. మాటలతోనే నడిచే ఆటకి వాయిస్ కాల్, చాట్‌లో పాచికలు వేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్ (బాట్) చాలు. పోరాటంలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూడాలంటే వర్చువల్ టేబుల్‌టాప్, అంటే మ్యాప్‌ని అందరి తెర మీదా చూపించే సాఫ్ట్‌వేర్ అవసరం. అప్పుడప్పుడూ ఒక బొమ్మ, దాని మీద పాత్రల గుర్తులుగా నాలుగు టోకెన్లు చాలనుకుంటే ఔల్‌బేర్ రోడియో తేలిక, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. పాత్రల వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్లు, పాచికలు, మ్యాప్ ఒకేచోట కావాలంటే రోల్20 ఉంది. 2012 నుంచి నడుస్తోంది, ఉచిత ఖాతాతో మొదలుపెట్టొచ్చు. ఫౌండ్రీ 2020లో వచ్చింది. దాన్ని జీఎం ఒక్కరే ఒకసారి కొంటే చాలు, ఆటగాళ్లు కొననక్కర్లేదు. కాకపోతే సెటప్‌కి ఓపిక ఉండాలి.

నేను మూడూ వాడాను. ఇప్పుడు ఎక్కువ రాత్రులు మ్యాప్ లేకుండానే ఆడుతున్నాం. తెర మీద మ్యాప్ ఉన్నంతసేపూ అందరూ టోకెన్ ఎటు జరపాలా అని చూస్తారు. మ్యాప్ తీసేస్తే "ఆ గది ఎలా ఉంది?" అని అడుగుతారు. నాకు ఆ ప్రశ్న ఇష్టం.

ప్రశ్న: మాలో ఒకడు ఇంట్లో తన సొంత పాచికలే వేసి అంకె చెబుతాడు. నిన్న రాత్రి మూడుసార్లు 20 పడిందన్నాడు. అబద్ధం చెబుతున్నాడేమోనని అందరికీ అనుమానం. పట్టుకోవడం ఎలా?

జవాబు: పట్టుకునే ముందు లెక్క చూద్దాం. 20 ముఖాల పాచికని ఒకరు ఒక రాత్రి 20 సార్లు వేశారనుకోండి. కనీసం ఒక్క 20 పడే అవకాశం 64 శాతం. మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు పడే అవకాశం ఏడున్నర శాతం. ఇది ఒకరి సంగతి. నలుగురు ఆడుతుంటే, వాళ్లలో ఎవరో ఒకరికి అలా పడే అవకాశం దాదాపు 27 శాతం. అంటే సుమారు నాలుగు రాత్రులకోసారి మీ గుంపులో ఎవరో ఒకరికి మూడు 20లు పడతాయి. నిన్న అతనికి పడ్డాయి, అంతకుమించి ఆ రాత్రి ఏమీ చెప్పదు.

నెలల తరబడి లెక్క రాస్తే మాత్రం తేడా తెలుస్తుంది. 20 ముఖాల పాచిక సగటు 10.5. వందసార్లు వేస్తే సగటు 12 దాటడం చాలా అరుదు. కానీ స్నేహితుడి పాచికల చిట్టా రాసే పని మీరు పెట్టుకోవద్దని నా సలహా. రేపటి నుంచి జీఎంతో సహా అందరూ తెర మీద కనిపించే ఒకే పాచికల ప్రోగ్రామ్ వాడండి. "అందరి పాచికలూ అందరం చూస్తే ఆ టెన్షన్ మనకీ తెలుస్తుంది" అని చెప్పండి, అది నిజం కూడా. అతనొక్కడికే నియమం పెడితే ఆట చెడుతుంది, స్నేహమూ చెడుతుంది.

నిజంగానే అంకెలు మారుస్తున్నాడనుకుందాం. ఎందుకలా చేయాల్సి వస్తోందో కూడా ఆలోచించండి. మీ ఆటలో గెలిచినవాళ్లకే మంచి సన్నివేశం దొరుకుతోందా? పాచిక తప్పినవాళ్లకి "పడలేదు, తర్వాత ఎవరు?" అని అర సెకనులో వంతు అయిపోతోందా? గంట ఎదురుచూసి అంత మాత్రమే దొరికితే అంకె మార్చాలనిపించడం నాకు అర్థమవుతుంది.

ప్రశ్న: తాళం తీయడానికి మా దొంగ పాచిక వేశాడు, పడలేదు. మళ్లీ వేశాడు, పడలేదు. అరగంట ఆ తలుపు దగ్గరే ఉన్నాం. చివరికి కాల్‌లో ఎవరూ మాట్లాడట్లేదు. నాకు జీఎంగా అదే మొదటి రాత్రి. చాలా సిగ్గుపడ్డాను.

జవాబు: సిగ్గుపడకండి, దీనికి చక్కటి పరిష్కారం ఉంది. విన్సెంట్ బేకర్, మెగ్యూ బేకర్ 2010లో తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అనే ఆటలో ఆరు ముఖాల పాచికలు రెండు వేసి, అంకెలు కూడతారు. 10 లేదా ఎక్కువ పడితే అనుకున్నది జరుగుతుంది. 7 నుంచి 9 పడితే జరుగుతుంది కానీ ఏదో ఒక మూల్యం చెల్లించాలి. 6 లేదా తక్కువైతే జీఎం కథని గట్టిగా మలుపు తిప్పుతారు. పాత్రకి ఆ పనిలో +1 బలం ఉంటే, అంటే మొత్తానికి ఒకటి కలిపితే, పూర్తి విజయం 28 శాతం, మూల్యంతో కూడిన విజయం 44 శాతం, వైఫల్యం 28 శాతం. ఎక్కువసార్లు మధ్యదే వస్తుందన్నమాట. "జరిగింది, కానీ" అనేదే ఆ ఆటకి ప్రాణం.

మీరు ఏ ఆట ఆడుతున్నా ఈ అలవాటు తెచ్చుకోవచ్చు. తాళం రాలేదా? లోపలి నుంచి ఎవరో గడియ తీస్తున్న చప్పుడు వినిపించనివ్వండి. లేదా తాళం వచ్చింది, దొంగ తాళం తీసిన ఊచ విరిగి అందులోనే ఉండిపోయింది, ఇక ఈ తలుపుని వెనక్కి మూయలేరు. పాచిక పడ్డాక పరిస్థితి వేయకముందులాగే ఉండిపోకూడదు. ఎదురెదురుగా కూర్చుంటే అలాంటి ఖాళీలో జోకులేసుకుంటాం. ఆన్‌లైన్‌లో ఆ ఖాళీలో ఒక్కొక్కరూ ఇంకో ట్యాబ్ తెరుస్తారు, వాళ్లని వెనక్కి తేవడం కష్టం.

ప్రశ్న: నియమాలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉండటంతో ఆడేటప్పుడు మేమూ ఇంగ్లిష్‌లోకి వెళ్లిపోతాం. తెలుగులో మాట్లాడితే నాటకంలా ఉంటుందని సిగ్గు. మీరు ఏ భాషలో ఆడతారండీ?

జవాబు: తెలుగులో. ఇంకే భాషలో ఆడినా నాకు సగం పనిముట్లు పోయినట్టే.

నియమాల మాటలు ఇంగ్లిష్‌లోనే ఉండనివ్వండి. "అటాక్ రోల్ వెయ్యి", "హిట్ పాయింట్లు ఎన్ని మిగిలాయి?" అనే మేమూ అంటాం. వాటికి తెలుగు మాటలు పెట్టాలని ఒకసారి కూర్చున్నాం. గంట గడిచింది, ఆట మొదలే కాలేదు, వదిలేశాం. పాత్రలు మాట్లాడేది మాత్రం తెలుగే.

మొఖాలు కనిపించని ఆటలో పిలుపు ఎంత పని చేస్తుందో చూడండి. కోట గుమ్మం దగ్గర కాపలావాడు మా నలుగురినీ ఆపాడు. దొంగని "ఏరా, ఎక్కడికి?" అన్నాడు. వైద్యురాలిని "మీరు పదండమ్మా" అన్నాడు. జమీందారు కొడుకుని "తమరు" అన్నాడు. నాలుగో మనిషి వైపు చూడకుండా "ఈ శాల్తీ ఎవరు?" అని ఇంకొకరిని అడిగాడు. అతనికి ఎవరంటే భయమో, ఎవరంటే చులకనో నేను వివరించనే లేదు. అందరికీ తెలిసిపోయింది. ఆ నాలుగో పాత్ర ఆ మాటకి ఏడాదిపాటు కోపం దాచుకుంది.

మా కథలో ఒక ప్రతినాయకుడు రెండేళ్లపాటు అందరినీ "మీరు" అనే పిలిచాడు, చంపుతానని బెదిరించేటప్పుడు కూడా. ఓడిపోయిన రాత్రి వైద్యురాలితో "నువ్వు" అన్నాడు. ఐదారు సెకన్లు కాల్‌లో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఎవరూ వేరే ట్యాబ్ తెరిచి ఉండరని నమ్ముతాను.

ఇంకో రెండు చెబుతాను, జీఎంలకి పనికొస్తాయి. "తలుపు అవతల ఎవరో ఉన్నారు" అంటే ఒకరో పదిమందో, ఆడో మగో తెలియదు. తెలుగు దాచిపెడుతుంది, మీరేమీ అబద్ధం చెప్పనక్కర్లేదు. రెండోది "మనం", "మేము". మా గుంపుతో నాలుగు నెలలు కలిసి నడిచిన ఒక మార్గదర్శి శత్రువుల మనిషి. ప్రతి సెషన్‌లోనూ ఒకసారి "మనం ఈ కొండ దాటాలి" అనాల్సినచోట ఆమె చేత "మేము ఈ కొండ దాటుతాం" అనిపించేదాన్ని. ఎవరూ పట్టుకోలేదు. గుట్టు బయటపడిన రాత్రి ఒకరు పాత నోట్స్ తిరగేసి ఆ "మేము"లన్నీ వరసగా చదివారు. జీఎంగా నాకు అంతకన్నా సంతోషం కలిగిన రాత్రులు చాలా తక్కువ.

నాటకంలా అనిపించడానికి కారణం, రాజులూ మంత్రగాళ్లూ గ్రాంథికంలోనే మాట్లాడాలనుకోవడం. రాజు చేత కూడా మామూలు మాటలే మాట్లాడించండి. "రేపటికల్లా నాకు జవాబు కావాలి" అనే రాజు "ఓయీ" అనే రాజు కన్నా భయపెడతాడు.

ప్రశ్న: పోయిన వారం మా జీఎం ఒక ఖైదీని హింసించే సన్నివేశాన్ని చాలా వివరంగా చెప్పాడు. మిగతావాళ్లు బాగానే ఉన్నారు. నేను మైక్ మ్యూట్ చేసి, హెడ్‌సెట్ పక్కన పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆటే కదా, నాది చిన్నపిల్లల మనస్తత్వమా?

జవాబు: కాదమ్మా. మనసు పెట్టి ఆడేవాళ్లకే అలా తగులుతుంది. అందరూ బాగానే ఉన్నారని మీరు అనుకుంటున్నారు. వాళ్లూ మ్యూట్‌లోనే ఉన్నారేమో మీకు తెలియదు. మీరు బాగానే ఉన్నారనే వాళ్లూ అనుకుని ఉంటారు.

దీనికి ఎక్స్ కార్డ్ అనే పద్ధతి ఉంది, జాన్ స్టావ్రోపోలస్ తయారుచేశారు. టేబుల్ మధ్యలో ఎక్స్ అని రాసిన కార్డు పెడతారు. ఎవరైనా దాన్ని తాకితే ఆ సన్నివేశం అక్కడితో ఆగి వేరే దారి పడుతుంది. కారణం చెప్పాల్సిన పనిలేదు. ఆన్‌లైన్‌లో చాట్‌లో ఒక్క ఎక్స్ టైప్ చేస్తే సరి. అందరి ముందూ ఇష్టం లేకపోతే జీఎంకి విడిగా పంపొచ్చు. నేనైతే మాట మధ్యలోనే ఆపి "తెల్లవారింది" అంటాను.

ఆటకి ముందు చేయాల్సింది ఇంకోటి ఉంది. కథ మొదలుకాకముందు ఒక రాత్రి కూర్చుని ఎలాంటి కథ కావాలో మాట్లాడుకుంటాం, దాన్ని సెషన్ జీరో అంటారు. ఆ రాత్రే మా కథలోకి అసలు రాకూడనివి కొన్ని, జరిగినా వివరంగా చెప్పకూడనివి కొన్ని రాసుకుంటాం. పేర్లు లేకుండా ఒకే నోట్‌లో రాస్తాం, ఎవరు ఏది రాశారో నాకూ తెలియదు. మీ జీఎంకి ఈ ఉత్తరంలో నాకు రాసిందే రాయండి. "ఆ సన్నివేశం నాకు కష్టమైంది, ఇకముందు అలాంటిది తెర వెనక జరిగిపోనివ్వండి" అంటే చాలు. మంచి స్నేహితుడైతే బాధపడి, సర్దుకుంటాడు. ఎగతాళి చేస్తే ఆ టేబుల్ వదిలేయండి. మిమ్మల్ని జాగ్రత్తగా చూసుకునే గుంపుతో ఆడండి.

ప్రశ్న: ఒకరికి పగలైతే ఇంకొకరికి రాత్రి. ప్రతి వారం ఎవరో ఒకరు రాలేమంటారు. ఆట నిలబడేదెలా?

జవాబు: వారం వారం "ఎప్పుడు ఖాళీ?" అని అడిగితే నిలబడదు. ఒక రోజు, ఒక గంట ఖాయం చేసుకోండి. ఒకరు రాకపోయినా ఆడండి, ఇద్దరు రాకపోతే ఆ రాత్రి వన్‌షాట్ ఏదైనా పెట్టుకోండి. రానివాళ్ల పాత్రకి చెడు జరగదని ముందే మాటివ్వండి. టైమ్‌ని యూటీసీలో, అంటే ప్రపంచమంతా ఒకటిగా ఉండే ప్రామాణిక సమయంలో రాసుకోండి. అమెరికాలో వేసవి కోసం గడియారాన్ని గంట ముందుకి జరిపేది మార్చి రెండో ఆదివారం, యూరప్‌లో అదే నెల చివరి ఆదివారం. ఆ మధ్య రెండు మూడు వారాలు అందరి లెక్కలూ తప్పుతాయి. మాలో ఇద్దరు ఒక ఏడాది గంట ముందొచ్చి ఖాళీ కాల్‌లో కూర్చున్నారు.

ప్రశ్న: మా క్యాంపెయిన్, అంటే చాలా సెషన్లపాటు సాగే ఒకే కథ, ఏడాదిన్నర నడిచి, మధ్యలో ఆగిపోయింది. ఐదు నెలలైంది. గొడవేమీ జరగలేదు, ఊరికే ఆగింది. మళ్లీ పిలవాలంటే మొహమాటంగా ఉంది. కథ ఇంకా చాలా మిగిలి ఉంది.

జవాబు: మిగిలిన కథంతా మోయాలనుకోకండి. ఒకే ఒక్క సెషన్‌కి పిలవండి, అది చివరిదని చెప్పి పిలవండి. ఎప్పటికి తెమిలేదో తెలియని ఆటకి రాలేమన్నవాళ్లు కూడా ఒక్క రాత్రికి వస్తారు. ఐదు నెలల క్రితం ఆగిన చోట మొదలుపెట్టకుండా కథలో ఐదేళ్లు ముందుకి జరపండి. ఆ యుద్ధం అయిపోయింది. పాత్రలు మళ్లీ ఒకచోట కలిశాయి. ఆ మధ్య ఏం జరిగిందో మీరు చెప్పొద్దు, ఒక్కొక్కరినీ అడగండి: "నీ చేతి మీద ఆ మచ్చ ఎక్కడిది?" "నువ్వు ఆ కత్తి ఎవరికి ఇచ్చేశావు?" మిగిలిన కథని వాళ్లే నింపుతారు. మీరు ఐదు నెలలుగా దాచుకున్నదాని కన్నా అది బాగుండే అవకాశం చాలా ఉంది.

కాల్ మొదలుపెట్టేటప్పుడు పాత నోట్స్ దగ్గర పెట్టుకోండి. మొదటి ప్రశ్న ఆ ఏడాదిన్నరలో ఎవరి మాట తక్కువ వినిపించిందో వాళ్లకే వేయండి. వేశాక తొందరపడి ఇంకో మాట అనకండి. వాళ్ల మైకు ఆన్ అయ్యేదాకా ఆగండి.